ఎంగిలి ఈలలు

అప్పట్లో సముద్రానికీ మా ఇంటికీ మధ్య ఒక సరుగుడు తోపు, దాని వెనక ఒక మొగలి డొంక, అంతే. ఆ రెండూ దాటి వచ్చే గాలికి మా వసారాలో దండెం మీద వేలాడే కొయ్య ఈలలు వాటంతట అవే సన్నగా కూసేవి. మధ్యాహ్నం అన్నం తిని కాస్త వాలితే, నిద్రకీ మెలకువకీ నడుమ ఆ కూత వినిపిస్తూ ఉండేది. ఎవరో చిన్నపిల్లలు నీళ్ళ అడుగున ఆడుకుంటున్నట్టు ఉండేది. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. నేను కాపురానికి వచ్చిన కొత్త. పదహారేళ్ళు నాకు. లోకంలో ఏది చూసినా నోరు తెరిచేదాన్ని, తెరిచిన నోరు ఉత్తినే మూయడం దేనికని ఏదో ఒకటి మాట్లాడేదాన్ని. (ఇప్పుడు నా గొంతు బొంగురుపోయి చెరుకు గానుగ తిరిగినట్టుంది గానీ, ఆ రోజుల్లో ఇదీ ఈలలాంటి గొంతే. నమ్మేవాళ్ళు నమ్మండి.)

మా అత్తగారింటి పని తరిమెన పని. కొయ్యని రెండు మేకుల నడుమ బిగించి, దానికి తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే అది గిర్రున తిరుగుతుంది. రెండోవాళ్ళు ఉలి పట్టి చెక్కుతారు. లాగేది నేను, చెక్కేది మా ఆయన. తిరుగుతున్న కొయ్యకి రంగు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. ఆపైన డొంకలోంచి కోసుకొచ్చిన మొగలాకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. చిలక ఈల, చేప ఈల, కడవ ఈల. పళ్ళొచ్చే పిల్లలు కొరికినా పెచ్చు ఊడేది కాదు. అయితే ఎంత అందంగా చేసినా, ఈల మెడ దగ్గర పెట్టే గంటు వెంట్రుకవాసి పక్కకి పోయిందంటే అది కూయదు, ఉస్సుమంటుంది. అందుకని ఒక్కొక్కటీ నోట పెట్టి ఊది చూడాలి. ఆ ఉద్యోగం నాది. బుట్ట ముందు పెట్టుకుని, కూసినవి ఇటు వేసేదాన్ని, ఉస్సుమన్నవి పొయ్యిలోకి విసిరేదాన్ని. తాడు లాగుతూనూ, ఊదడానికీ ఊదడానికీ మధ్యా మా పుట్టిల్లు సంగం కబుర్లు చెప్పేదాన్ని. పెన్న గురించి, మా బర్రెల గురించి, మా మేనత్త మూడో పెళ్ళిలో పాయసం మాడిపోవడం గురించి.

వినేది మా ఆయన ఒక్కడే. ఆయన మాట్లాడే మనిషి కాదు. "ఊ" అంటే ఆ పూటకి మాటలు అయిపోయినట్టే. పెళ్ళయిన కొత్తలో 'నన్ను మూగవాడికి కట్టబెట్టారేమో, మా వాళ్ళు దాచారేమో' అని లోపల్లోపల ఏడ్చాను కూడా. తర్వాత ఒకరోజు వేలికి ఉలి తగిలి "అమ్మా" అన్నాడు. ఎంత సంతోషపడ్డానో! (మొగుడికి దెబ్బ తగిలితే సంతోషపడిన పెళ్ళాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.) కానీ వినడం మాత్రం వినేవాడు. కథ రసపట్టులో పడిందంటే చెయ్యి మెల్లగా అయిపోయేది, ఉలి దారి తప్పేది, గంటు పక్కకి పోయేది. పొయ్యిలో ఈలలు ఎక్కువయ్యాయి, బుట్టలో తక్కువయ్యాయి. మా అత్త కళ్ళకి అది కనబడకుండా ఉంటుందా?

"ఏమ్మే, నువ్వు పుట్టినప్పుడు నీకు వస ఎంత పోసినారు? గిన్నెడా, కడవెడా?" అంది ఒకరోజు, నడుం మీద చెయ్యి పెట్టుకుని. పసిపిల్లలకి మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తారు కదా, అదన్నమాట.

"నాకెట్టా తెలస్తాదత్తా, నేనప్పటికి చిన్నపిల్లని గదా" అన్నాను. నిజంగానే అన్నాను, ఎకసెక్కం కాదు.

మా అత్త సంగానికి కబురు పెట్టేసింది. మాఘ పున్నమి సముద్ర స్నానాలకి మా అన్న బండి కట్టుకొస్తాడు, నన్ను పుట్టింటికి తీసుకుపోతాడు. "నోరు అదుపులో పెట్టుకోడం మీ అమ్మ దగ్గిర నేర్చుకోని రా. ఏడాది పట్టినా సరే, ఆడనే ఉండు" అంది. నేను కాళ్ళు పట్టుకున్నాను. ఆ సముద్రాన్నీ, ఆ మాట్లాడని మనిషినీ వదిలి పోవాలంటే నా ప్రాణం ఒప్పలేదు. అప్పటికి మా అత్త కొంచెం మెత్తబడి, "సరే. స్నానాల రోజు ఇసకలో సరుకు పెట్టుకోని కూచుంటాం గదా. పొద్దుగూకేదాకా నీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు. సరుకు చెల్లిపోతే అప్పుడు చూద్దాం. నోరు తెరిచినావంటే మాత్రం మీ అన్న బండే నీకు గతి" అంది. నేను మా ఆయన వంక చూశాను. ఆయన తల వంచుకుని ఒక చేప ఈలకి పచ్చ లక్క పెడుతూనే ఉన్నాడు. అడ్డం ఒక్క మాట చెప్పలేదు. ఆ చేప ఎంతసేపు తిరిగిందో, తిరిగి తిరిగి కొయ్య కనబడకుండా ఒట్టి పచ్చదనమే మిగిలింది.

మిగిలిన నాలుగు రోజులూ, అలవాటవుతుందని, నోరు కట్టుకునే తాడు లాగాను. స్నానాల రోజు పొద్దున సముద్రం పాలు పోసి పెట్టిన పళ్ళెంలా ఉంది. గాలి లేదు. అలలు కూడా ఎవరినో లేపకూడదన్నట్టు మెల్లగా వచ్చి, ఇసకని తాకి, అట్నుంచి అటే పోతున్నాయి. పై ఊళ్ళ నుంచి, కొడవలూరు వైపు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో బండ్లు వచ్చి తోపులో దిగాయి. జనం మంచులోంచి మంచులోకి నడిచినట్టు నీళ్ళలోకి దిగుతున్నారు, ఒంటికి అంటుకున్న తడిబట్టలతో పైకి వస్తున్నారు. మేం చాప పరిచి ఈలలు వరసగా పేర్చాం. మా అత్త మధ్యన, మా ఆయన ఆ పక్క, నేను ఈ పక్క. నోట్లో కొంగు కుక్కుకున్నాను. నోరు మూసుకుంటే లోకం ఎంత నెమ్మదిగా కదులుతుందో నాకు ఆ రోజు బాగా తెలిసింది. ఎండ కాళ్ళ మీదికి పాకడం చూశాను. ఒక ఎండ్రకాయ మా చాప అంచు దాకా వచ్చి, ఎరుపు చిలకని చూసి జడుసుకుని వెనక్కి పోయింది. దాని గురించి ఎవరికైనా చెప్పాలని నా నాలిక ఎంత గింజుకుందో!

అప్పుడు వచ్చింది కొడవలూరు పెద్దమ్మ. మెళ్ళో బరువైన గొలుసు, జారుముడి నుంచి నీళ్ళు కారుతూ, చంకలో మనవరాలు. పాపకి నాలుగేళ్ళు దాటాయి, అయినా మాట రాలేదట. అందుకే సముద్రంలో ముంచడానికి మొక్కుకుని వచ్చారని వెనక ఆడవాళ్ళు గుసగుసలాడుకోవడం నా చెవిన పడింది. పాప మా చేప ఈల వంక చెయ్యి చాచింది. "పాపకి చేప గావాలంట" అంది పెద్దమ్మ. పాప తల తిప్పింది. "పాపకి ఎండగా ఉండాదంట" అంది. పాప నోరు తెరవబోయింది. "పాపకి దప్పిక" అంది పెద్దమ్మ, అప్పుడే నీళ్ళ చెంబు అందుకుంటూ. (ఆ పిల్ల ఇక మాట్లాడాల్సిన అవసరం ఏముంది చెప్పండి!)

తర్వాత పెద్దమ్మ మా అత్త వైపు తిరిగి, "ఏమమ్మా, ఇవి ఎవురూ నోట్లో పెట్టుకోలేదు గదా? స్నానం జేసి మడితో ఉండాం. ఎంగిలివైతే మాకొద్దు" అంది.

చుట్టూ ఈలలు ఎంచుకుంటున్న ఆడవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి.

"రామ రామ! ఎంత మాటన్నావు తల్లీ! మా ఇంట్లో నోటితో ఊదే అలవాటే లేదు" అంది మా అత్త.

"మరి ఊదకపోతే, కూస్తాదని మీకెట్టా తెలిసింది?"

ఆ ప్రశ్న మా అత్త అనుకోలేదు. సముద్రం వంక చూసింది, ఆకాశం వంక చూసింది. "గాలి ఊదుతాది" అంది.

"గాలా?"

"సముద్రపు గాలమ్మా. ఈలని ఇట్టా గాలికి ఎదురుగా పట్టుకుంటే అదే కూస్తాది. కూసినవి మాత్రమే బుట్టలో ఏస్తాం."

ఇందులో సగం నిజం ఉంది. మా వసారాలో కూసేవి కదా. కానీ గాలి ఏ ఈలని ఊదుతుందో, దేన్ని వదిలేస్తుందో ఎవరికి తెలుసు?

"ఏదీ, పట్టు. చూస్తాం" అంది పెద్దమ్మ.

మా అత్త చేప ఈల తీసుకుని లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి పట్టుకుంది. తూర్పుకి పట్టింది, ఉత్తరానికి పట్టింది. మునివేళ్ళ మీద లేచి ఇంకొంచెం పైకి పట్టింది. గాలి ఎక్కడుంది? ఆడవాళ్ళ తడి జుట్టులో ఒక్క వెంట్రుక కదల్లేదు. జనం పోగయ్యారు. ఎవరో దేవుడికి హారతి పడుతున్నారనుకుని వెనక నుంచి ఒక ముసలాయన చెంపలు కూడా వేసుకున్నాడు.

"మీ గాలి ఇంకా నిద్ర లేచినట్టు లేదమ్మా" అంది పెద్దమ్మ. జనం నవ్వారు.

"వస్తాది, వస్తాది, ఈ పొద్దు కొంచెం ఆలస్యంగా..." అంటోంది మా అత్త. ఈలని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చింది.

నాకు ఆ నవ్వు కత్తిలా దిగింది. నా ఈలల్ని అనుమానిస్తారా? ఒక్కొక్కదాన్నీ నా బిడ్డలా నోట పెట్టుకుని చూశానే! ఎంగిలి అంటే అదొక తప్పుగా నాకు తట్టనే లేదు. దొంగ సరుకు అంటున్నారేమో అనుకున్నాను. నోట్లోంచి కొంగు లాగి పారేశాను.

"గాలీ లేదు గీలీ లేదు పెద్దమ్మా! అన్నీ నేనే ఊదినాను! ఒక్కొక్కటీ ఈ నోటితోనే! ఉస్సుమనేది ఒక్కటుంటే నన్నడుగు!" అంటూ మా అత్త చేతిలోంచి చేప ఈల లాక్కుని, అందరికీ వినబడేట్టు కూయించాను.

అంతే. చేతుల్లో ఈలలు ఉన్నవాళ్ళు నిప్పు ముట్టుకున్నట్టు చాప మీద పడేశారు. కొందరైతే మళ్ళీ మునగడానికి నీళ్ళ వైపు పరుగెత్తారు. మా అత్త ముఖం లక్క రంగుకి తిరిగింది. "గమ్మునుండు మే!" అని అరిచింది. నేను గమ్మునుంటానా? సర్ది చెబుదామని, "బాగా కడిగినాంలే పెద్దమ్మా" అన్నాను. "గమ్మునుండు మే!" "కడగలేదనుకో, మొగలాకుతో తుడిచినాం..." "గమ్మునుండు మే!" "తుడిచినాకనే ఊదినాననుకో..." "ఒసే, గమ్మునుండు మే!"

ఈ సందట్లో చంక దిగిన పాప నా చేతిలోని చేప ఈల లాక్కుంది. నేను ఊదిన తడి ఆరని ఈల. తిన్నగా నోట్లో పెట్టుకుని కూయించింది. చక్కగా కూసింది కూడా.

"ఎంగిలి! ఎంగిలి! పారెయ్ తల్లీ! పాపకి వద్దంట! పాపకి చేదుగా ఉండాదంట! పాపకి..." అంటూ పెద్దమ్మ గుండెలు బాదుకుంటూ మీదికి వంగింది.

పాప ఈల నోట్లోంచి తీసింది. అవ్వ ముఖంలోకి చూసింది. తీరిగ్గా, స్పష్టంగా అంది:

"గమ్మునుండు మే."

పెద్దమ్మ తడి ఇసకలో అట్లాగే కూలబడింది. "ఏమన్నావు తల్లీ?" అంది.

"గమ్మునుండు" అంది పాప, ఈసారి కొంచెం విసుగ్గా. మళ్ళీ ఈల నోట్లో పెట్టుకుంది.

"ఇన్నారా! నన్నే! నన్నే అనింది! నా బంగారు తల్లి నన్ను గమ్మునుండమనింది!" అని పెద్దమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, చుట్టూ ఉన్న ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని చెప్పింది. మడీ లేదు, ఎంగిలీ లేదు. పాప ముఖమంతా ముద్దులు పెట్టుకుంది. (జీవితంలో ఎవరూ ఆమెని ఆ మాట అని ఉండరు. అని ఉంటే ఇంత ముద్దు దక్కి ఉండదు.)

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కల అనిపిస్తుంది. "ఆ అమ్మి నోట్లో వస ఉండాది" అని ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మునగడానికి పోయినవాళ్ళు నడుము లోతు నీళ్ళలోంచి వెనక్కి తిరిగారు. "మాకు ఆ పిల్ల ఊదింది గావాల" అని ఒకావిడ, "మావోడికి నత్తి, రెండుసార్లు ఊదమ్మా" అని ఇంకొకావిడ. ఒక నడివయసు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి, "మొగుడికి పనిజేస్తాదా?" అని నా చెవిలో అడిగింది. నేను మా ఆయన వంక చూసి, "నాకే ఇంకా చెయ్యలేదక్కా" అన్నాను.

మా అత్త మాత్రం ఎంతసేపు బిత్తరపోయి ఉంటుంది? వ్యాపారం ఎరిగిన మనిషి. కొంగు నడుముకి చుట్టి, "ఊదు మే! ఏం జూస్తావుండావు? కడుపులోంచి ఊదు! ఆయమ్మకి ఎంగిలి తక్కవైనట్టుండాది, ఇంకోసారి ఊదు!" అని నా వీపు మీద చరిచింది. ఒకామె మాత్రం గంపెడు మాటల కొడుకుని చెయ్యి పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చి, "నాకు ఎవురూ ఊదంది ఇయ్యి తల్లీ, ఈడి నోటికి ఇది చాలు" అంటే, మా అత్త కన్ను కూడా ఆర్పకుండా, "ఇదో, ఇది గాలి ఊదింది" అని తీసిచ్చింది.

చాప ఖాళీ అయ్యేసరికి పొద్దు వాలింది. అప్పుడు తీరిగ్గా లేచింది గాలి, ఏమీ ఎరగనట్టు. తోపులోంచి మా అన్న బండి వచ్చి ఆగింది. అన్న నన్ను చూసి అదిరిపోయాడు. ఊది ఊది నా పెదవులు రెండూ వాచి పూరీల్లా ఉన్నాయి, గొంతు పోయింది, 'అన్నా' అందామంటే గాలి తప్ప ఏమీ రాలేదు. సరిగ్గా ఉస్సుమన్నాను.

"ఏంది అత్తా ఇది? మా చెల్లిని ఏం జేసినారు?"

"ఏం జెయ్యలా నాయనా, ఈల ఊదింది. నువ్వింక బండి తిప్పుకో. పిల్ల యాడికీ రాదు."

"నువ్వే గదా తీసకపొమ్మని కబురు పెట్టినావు? మాయమ్మ ఇల్లలికి కూచోనుండాది. మా పిల్ల నీకు కొలిమి తిత్తా, పొద్దస్తమానం ఊదించను? ఎక్కు మే బండి!"

"ఎక్కితే చూడు!"

అన్న నా ఒక చెయ్యి పట్టుకున్నాడు, అత్త ఇంకో చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పు మే, వస్తావా, ఉంటావా?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. చెప్పడానికి నోరేది? పుట్టినప్పటి నుంచీ ఎవరూ అడక్కుండానే అన్నీ చెప్పిన దాన్ని, నా బతుకులో మొదటిసారి నన్ను అడిగిన పూట మాట లేదు. తల అడ్డంగా ఊపాను. "అత్తకి జడుసుకోని ఊపుతావుంది" అన్నాడు అన్న. కళ్ళనీళ్ళు వచ్చాయి. "చూడు, ఏడస్తావుంది గూడా" అని నన్ను ఒక్క గుంజు గుంజాడు. ఒక కాలు బండి మీదికి ఎక్కేసింది.

"ఆగు బావా."

ఎవరా అని అందరం చూశాం. మా అత్త కూడా చూసింది. మా ఆయన చాప చుట్టి చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆమె మాటలకి నా ఉలి దారి తప్పేది నిజమే" అన్నాడు. "తప్పితే తప్పనీ. ఇంకో కొయ్య పెట్టుకుంటా. అమా, నువ్వు కబురు పెట్టిన దినం నుంచి ఆమె నోరు కట్టేసుకోని తాడు లాగింది. ఆ నాలుగు దినాలూ నా చేతిలో ఒక్క ఈల చెడలా. ఒక్కటి గూడా నాకు నచ్చలా. ఈలలు అమ్ముడయినా, కాకపోయినా ఆమె ఇంట్లోనే ఉంటాది. బావా, నువ్వు మా ఇంటికొచ్చి అన్నం తినిపో."

అంత పెద్ద మాట ఆ నోట వినలేదు మేం. మా అత్త నా చెయ్యి వదిలేసి, చేప ఈలలు పెట్టిన చోటి ఇసక వైపు, అంతకుముందు పాప నిలబడిన చోటు వైపు, కొడుకు వైపు మార్చి మార్చి చూసింది. "ఈడు గూడా ఊదినాడా ఏంది?" అని గొణిగింది.

మా అన్న బండిలోనే ఇంటికి పోయాం. మా అత్త ముందు కూర్చుని పాప సంగతి మా అన్నకి చెప్పుకుంటూ పోతోంది. వెనక నేను, మా ఆయన కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాం. సముద్రంలోంచి పున్నమి చంద్రుడు లక్క ముద్దలా ఎర్రగా లేచాడు. ఇసక బాటలో చక్రాల చప్పుడు కూడా లేదు. గాల్లో తేలిపోతున్నట్టుంది. నేను మాట్లాడలేను కదా, ఆయన మాట్లాడాడు. మెల్లగా, ఆగి ఆగి, చీకట్లో మెట్లు దిగుతున్నవాడిలా. చిన్నప్పుడు తను పెంచుకున్న దూడ గురించి చెప్పాడు. మొగలిపూల వాసనకి తనకి తలనొప్పి వస్తుందనీ, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదనీ చెప్పాడు. నేను వాచిన పెదవులతో వింటూ కూర్చున్నాను. ఒకచోట ఆగి, నవ్వి, "పెళ్ళికి ముందే నిన్ను చూసినా. కొయ్య కోసం సంగం వచ్చినప్పుడు. పెన్న ఒడ్డున బర్రెతో మాట్లాడతావుండావు. ఆ బర్రె మేత మానేసి నీ వంకే చూస్తావుండాది. అప్పుడే మాయమ్మకి చెప్పినా, ఆ పిల్లయితేనే చేసుకుంటానని" అన్నాడు.

బర్రెతో నేను ఏం చెబుతున్నానో అడుగుదామని ప్రాణం కొట్టుకుంది. పెదవులు కదల్లేదు. పోనీలే, వాపు తగ్గాక అడుగుదాంలే అనుకున్నాను. వాపు తగ్గింది, గొంతు వచ్చింది. వచ్చిన గొంతు తిన్నగా వంద కబుర్లలో పడిపోయింది. ఆ తర్వాత అంత కాపురం చేశాం, పిల్లల్ని కన్నాం, ఎన్ని వేల మాటలు మాట్లాడి ఉంటానో! ఆ ఒక్క సంగతీ అడగడం మరిచేపోయాను. ఆయన పోయిన తర్వాత, ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చుని ఉంటే గుర్తొచ్చింది. ఇప్పుడు ఎవరిని అడగను? ఆ బర్రె కూడా లేదు. ఒడ్డున నిలబడి చేతులు తిప్పుతూ దానికేదో గట్టిగా నచ్చజెబుతున్న ఆ పిల్ల కనబడుతుంది, నోరు ఆడుతూ ఉంటుంది, మాట మాత్రం నా దాకా రాదు. ఏం చెప్పిందో గానీ, మొగుణ్ణి సంపాదించుకుంది దొంగముండ.